డీజిల్ మంచిదో కాదో తేల్చుకోవడం ఎలా: బంకు నుంచి నాజిల్ దాకా

దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ ఉన్నట్టుండి లాగడం మానేస్తుంది. లేదా రొయ్యల చెరువు గట్టు మీద జనరేటర్ అరగంట నడిచి ఆగిపోతుంది. ఏది జరిగినా మన నోట ముందు వచ్చే మాట ఒకటే: బంకువాడు కల్తీ డీజిల్ పోశాడు. కల్తీ జరగదని నేను అనను. కానీ మూసుకుపోయిన ఫిల్టర్‌ను కోసి చూస్తే ఎక్కువసార్లు కనిపించేవి నీళ్లు, తుప్పు, దుమ్ము, జిగురు మడ్డి. వీటిలో చాలాభాగం బంకు దాటిన తర్వాత మన క్యాన్‌లో, మన డ్రమ్ములో, మన ట్యాంకులోనే చేరుతుంది. అందుకే కింద చెప్పే పనులన్నీ డీజిల్ నడిచే దారి వరసలోనే రాశాను. ఎక్కడ చెడిందో తెలియకుండా నాజిల్స్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ కొనలు) మార్పిస్తే పదిహేను రోజుల్లో కొత్త నాజిల్స్ కూడా అదే దారి పడతాయి.

డీజిల్‌లో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు

మన బంకుల్లో అమ్మే డీజిల్‌కు ఐఎస్ 1460 అనే ప్రమాణం ఉంది. అందులో చాలా అంశాలున్నా ఇంజిన్ నడిపేవారికి నాలుగు చాలు.

మొదటిది సీటేన్ నంబర్, కనీసం 51 ఉండాలి. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని నొక్కితే ఆ గాలి బాగా వేడెక్కుతుంది, అందులోకి చిమ్మిన డీజిల్ దానంతటదే అంటుకుంటుంది. చిమ్మిన క్షణానికీ అంటుకున్న క్షణానికీ మధ్య ఎంత తక్కువ ఆలస్యం ఉంటే అంత మంచిది. సీటేన్ తక్కువైతే ఆ ఆలస్యం పెరుగుతుంది. ఈలోగా పోగైన డీజిల్ అంతా ఒక్కసారిగా మండుతుంది. చలి పొద్దున స్టార్టింగ్ కష్టమవడం, కాసేపు తెల్లపొగ, ఇంజిన్‌లో టకటకమనే గట్టి చప్పుడు దీని గుర్తులు.

రెండోది గంధకం. దేశమంతటా 2010లో ఇది 350 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 350), 2017 ఏప్రిల్‌లో 50కి, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6తో (భారత్ స్టేజ్ కాలుష్య నిబంధనల ఆరో మెట్టు) 10కి దిగింది. బీఎస్ 5 అన్న మెట్టునే మనం దాటేశాం. గంధకం మండితే ఆమ్లం తయారై ఇంజిన్ ఆయిల్‌ను తొందరగా పాడుచేస్తుంది, పొగగొట్టంలోని శుద్ధి పరికరాలను చెడగొడుతుంది. అది పోవడం మంచిదే. అయితే దాన్ని తీసే క్రమంలో డీజిల్‌కు సహజంగా ఉండే నూనెతనం కూడా కొంత పోతుంది. అందుకని రిఫైనరీలో దానికి వేరే మందు కలిపి సరిచేస్తారు. ఇదే మూడో అంశం. డీజిల్ పంపుకీ ఇంజెక్టర్‌కీ విడిగా గ్రీజూ ఆయిలూ ఉండవు, వాటి గుండా పారే డీజిలే వాటికి నూనె. ఇన్‌లైన్ పంపుల్లో అడుగున ఇంజిన్ ఆయిల్ ఉన్నా పైన ప్లంజర్లను (డీజిల్‌ను నొక్కి పంపే చిన్న కడ్డీలను) తడిపేది డీజిలే. కిరోసిన్ కలిపితే ఇంజిన్ వెంటనే ఆగదు, నడుస్తూనే ఉంటుంది. లోపల పంపు ప్లంజర్లు అరిగిపోతాయి. బిల్లు ఆరునెలల తర్వాత వస్తుంది, అప్పటికి ఏ బంకు డీజిల్ వల్ల జరిగిందో ఎవరికీ గుర్తుండదు.

నాలుగోది నీళ్లు, మట్టి. ప్రమాణం ప్రకారం కిలో డీజిల్‌లో నీరు 200 మిల్లీగ్రాములకు మించకూడదు, ఘనరూపంలో ఉండే మలినం 24 మిల్లీగ్రాములు దాటకూడదు. లెక్క వేసుకోండి: 200 లీటర్ల డ్రమ్ములో సుమారు 166 కిలోల డీజిల్ పడుతుంది. అందులో ఉండదగ్గ నీరు 33 గ్రాములు, అంటే రెండు మూడు చెంచాలు. మీ డ్రమ్ము అడుగున గ్లాసుడు నీళ్లు కనిపించాయంటే అది మామూలు విషయం కాదు. ఎక్కడో దారి తప్పింది.

ఈ పట్టింపు ఎందుకంటే, ఇంజెక్టర్ లోపల కదిలే భాగాల మధ్య ఖాళీ 2, 3 మైక్రాన్లు మాత్రమే. మన వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. కంటికి కనిపించని ధూళి కూడా అక్కడ ఆకురాయిలా పనిచేస్తుంది. పాత మెకానికల్ పంపు ఉన్న ఇంజిన్లు కొంత ఓర్చుకుంటాయి. కానీ 50 హార్స్ పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్ 4, జనరేటర్లకు అదే ఏడాది జూలై నుంచి సీపీసీబీ 4 ప్లస్ అనే పొగ నిబంధనలు వచ్చాక కామన్ రైల్ ఇంజిన్లు (ఒకే గొట్టంలో భారీ ఒత్తిడితో డీజిల్ నిలిపి అన్ని ఇంజెక్టర్లకూ ఇచ్చేవి) పొలాల్లోకీ చెరువుల మీదికీ వచ్చేశాయి. వాటిలో డీజిల్ ఒత్తిడి 1,600 బార్‌కు అటూ ఇటూ ఉంటుంది. ఇలాంటి బండి కొన్నవారు నాన్న కాలం నాటి అలవాట్లతో డీజిల్ పోస్తే చేతులు కాల్చుకుంటారు.

బంకు దగ్గర ఏం చూడాలి

ముందు కొన్ని అపోహలు వదిలించుకుందాం. రంగు చూసి డీజిల్ నాణ్యత చెప్పలేం. బీఎస్ 6 డీజిల్ పాతదానికంటే తేటగా, లేత పసుపుగా ఉంటుంది, వాసన కూడా తక్కువ. "తెల్లగా ఉంది, కిరోసిన్ కలిపారు" అని గొడవ పడేవాళ్లలో చాలామంది చూస్తున్నది గంధకం పోయిన మంచి డీజిల్‌నే. రేషన్ కిరోసిన్‌కు నీలం రంగు కలిపేదే ఇలాంటి మోసం పట్టడానికి, కానీ ఆ రంగును తీసేసే మోసగాళ్లూ ఉన్నారు. ఇక కాగితం మీద చుక్క వేసి చూసే పరీక్ష పెట్రోలుకు పనికొస్తుంది. పెట్రోలు ఆవిరై మరక మిగలకూడదు. డీజిల్ అంత త్వరగా ఆవిరి కాదు, ఎంత మంచి డీజిల్ అయినా మరక ఉంటుంది. వేళ్ల మధ్య రుద్ది చెప్పేవారి ధైర్యానికి దండం పెట్టి పక్కకు రండి.

బంకులో మీరు అడిగి చేయించుకోదగ్గ పరీక్ష సాంద్రత, అంటే డెన్సిటీ (లీటరు డీజిల్ బరువు కిలోల్లో). హైడ్రోమీటర్, థర్మామీటర్, గాజు జాడీ ప్రతి బంకులో ఉండాలి, ఆ రోజు డెన్సిటీ ఎంతో రాసి పెట్టాలి. చేసే పద్ధతి ఇది. పంపు గన్ నుంచి జాడీలోకి డీజిల్ పట్టించండి. నురగ పోయేదాకా ఆగండి. గాలి తగలని చోట చదునుగా పెట్టి హైడ్రోమీటర్ వదలండి, అది గోడకు తగలకుండా తేలాలి. ద్రవం మట్టం దగ్గర అంకె చదవండి, థర్మామీటర్ అంకె కూడా అప్పుడే రాసుకోండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. రాసి పెట్టిన డెన్సిటీ 15 డిగ్రీల సెల్సియస్‌కు లెక్కగట్టింది. మన ఎండలో డీజిల్ వ్యాకోచించి పల్చబడుతుంది. ఒక్కో డిగ్రీకి సుమారు 0.0007 తగ్గుతుంది. మీ జాడీలో 35 డిగ్రీల దగ్గర 0.816 చూపిందనుకోండి. 15 కంటే 20 డిగ్రీలు ఎక్కువ కాబట్టి 0.014 కలపండి, 0.830 వస్తుంది. బంకులో దీనికి పట్టిక కూడా ఉంటుంది, దాన్ని అడిగి చూసుకుంటే ఇంకా కచ్చితం. ట్యాంకర్ తెచ్చినప్పటి అంకెకూ దీనికీ తేడా 0.003 లోపు ఉంటే సరే. దాటితే అడగాల్సిందే.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది, అది తెలియకపోతే లేనిపోని ధీమా వస్తుంది. 0.830 ఉన్న డీజిల్‌లో 0.800 ఉన్న కిరోసిన్ ఐదో వంతు కలిపితే 0.824 వస్తుంది, దొరికిపోతారు. పదో వంతే కలిపితే 0.827, గీత మీదే ఉంటుంది. తేలికదాన్నీ బరువుదాన్నీ రెండూ కలిపి అంకె సరిచేసే తెలివైనవారు హైడ్రోమీటర్‌కు అసలు దొరకరు. కాబట్టి డెన్సిటీ తేడాగా ఉంటే డీజిల్ అనుమానాస్పదం. డెన్సిటీ సరిగ్గా ఉంటే మొరటు కల్తీ లేదని మాత్రమే అర్థం.

బంకులో నేల కింది ట్యాంకు లోపలికి ట్యాంకర్ డీజిల్ దించుతున్నప్పుడు పోయించుకోకండి. అడుగున పేరుకున్న మడ్డి, నీళ్లు పైకి లేస్తాయి. పంపులో ఫిల్టర్ ఉంటుంది గానీ దానికి పరీక్ష పెట్టాల్సిన అవసరం మీకేంటి? కాసేపాగి రండి, లేదా పక్క బంకుకు పోండి. భారీ వర్షానికి బంకు ప్రాంగణంలో నీళ్లు నిలిచి తీశాక రెండు మూడు రోజులు కూడా ఇదే జాగ్రత్త. కొలత మీద అనుమానముంటే 5 లీటర్ల ముద్ర కొలతపాత్రతో కొలిపించుకునే హక్కు మీకుంది. 25 మిల్లీలీటర్ల దాకా తేడాను అనుమతిస్తారు.

ఏ కంపెనీ డీజిల్ మంచిదన్న వాదనకు అంతు ఉండదు. విశాఖ రిఫైనరీ హెచ్‌పీసీఎల్‌ది. అక్కడి నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా పైపులైను ఉంది. మామూలు డీజిల్ విషయంలో చమురు కంపెనీలు ఒకరి సరుకు ఒకరు తీసుకోవడం రివాజు. కాబట్టి బోర్డు రంగు కంటే ఆ బంకు యజమాని తన ట్యాంకును ఎలా చూసుకుంటాడన్నదే ముఖ్యం. అమ్మకం బాగా సాగే బంకులో సరుకు నిలవ ఉండదు. నన్నడిగితే దాన్నే ఎంచుకోమంటాను.

క్యాన్‌లో తెచ్చేటప్పుడు

పురుగుమందు క్యాను, నీళ్ల క్యాను, పాత ఆయిల్ డబ్బా, వంటనూనె టిన్ను, వీటిలో దేనిలోనూ డీజిల్ తేకండి. కడిగి ఆరబెట్టానంటారు, అంచుల్లో నాలుగు చుక్కలు మిగిలే ఉంటాయి. డీజిల్ కోసమే ఒక క్యాను కొని, దాని మీద పెయింటుతో పేరు రాసి, ఇంకే పనికీ వాడకుండా పెట్టుకోండి. క్యానును బండి మీదే ఉంచి నింపొద్దు, నేల మీద పెట్టించండి. మూత బిగించిన వెంటనే దాని చుట్టూ తుడవండి. పొలానికి పోయేదాకా మూత మీద చేరిన దుమ్మే తీయగానే లోపల పడేది.

జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ డబ్బాలు, రాగి గొట్టాలు డీజిల్‌కు పడవు. ఆ లోహాలు డీజిల్‌ను తొందరగా జిగురుగా మారుస్తాయి. మామూలు ఇనుప డ్రమ్ము, లేదా ఇంధనం కోసం చేసిన ప్లాస్టిక్ డ్రమ్ము నయం.

నిల్వ ఉంచడం

నా లెక్కలో డీజిల్ ఎక్కువగా చెడేది ఇక్కడే.

రైతు, జనరేటర్ యజమాని చేసే పని ఒకటే: డ్రమ్మును ఆరుబయట నిలబెడతారు. పగలు ఎండకు లోపలి గాలి వ్యాకోచించి కాస్త బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే డ్రమ్ము గాలిని లోపలికి పీల్చుకుంటుంది. నిలబెట్టిన డ్రమ్ము పైమూత చుట్టూ అంచు ఎత్తుగా ఉంటుంది, వాన పడితే అక్కడ నీళ్లు నిలుస్తాయి. మూత ఎంత బిగించినా మరల సందులోంచి గాలితోపాటు ఆ నీళ్లు కూడా లోపలికి జారతాయి. వాన లేకపోయినా గాలిలో తేమ చాలు, సగం ఖాళీ డ్రమ్ము గోడలకు రాత్రిళ్లు చెమ్మ పట్టి కిందికి కారుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో, సముద్రం ఒడ్డున ఉన్నవారికి ఇది రోజూ జరిగే పనే.

కాబట్టి ఇలా చేయండి. డ్రమ్మును నీడలో, చెక్కల మీద పెట్టండి. పడుకోబెట్టేటట్టయితే మూత పక్క కాస్త ఎత్తుగా, వెనక కాస్త పల్లంగా ఉండాలి, నీళ్లూ మడ్డీ వెనక్కి చేరతాయి. నిలబెట్టక తప్పకపోతే పైన రేకు గానీ టార్పాలిన్ గానీ కప్పండి. కొళాయి గానీ పీల్చే గొట్టం గానీ అడుగుకు మూడు నాలుగు అంగుళాలు పైన ఉండాలి. పూర్తిగా అడుగుదాకా పీల్చి చివరి చుక్క వాడాలన్న ఆశ పెట్టుకోవద్దు. ఆ నాలుగు లీటర్ల విలువ ఒక నాజిల్ రిపేరు ముందు ఏపాటి? డ్రమ్ము నిండా అంచుదాకా కూడా పోయకండి. 200 లీటర్ల డీజిల్ 15 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర లీటర్లు పెరుగుతుంది, చోటు ఉండాలి.

కొత్తగా పోసిన డ్రమ్మును వెంటనే వాడకుండా ఒకరోజు కదపకుండా వదిలేయండి. నీరు డీజిల్ కంటే బరువు, అడుగుకు దిగిపోతుంది. ట్రాక్టర్‌లో పోసేటప్పుడు గరాటులో సన్నని జల్లెడ వాడండి. అయితే పాత చీర గుడ్డ అడ్డం పెట్టి వడకడితే నీళ్లు ఆగవని గుర్తుంచుకోండి. అది చెత్తనే ఆపుతుంది, పైగా పీచు వదులుతుంది. నీటిని విడదీసే ప్రత్యేక గరాటులు దొరుకుతున్నాయి, వాటిని వాడితే పనవుతుంది.

ఎంత కాలం ఉంచొచ్చు? నీడలో, నీళ్లు లేకుండా ఉంటే ఆరు నెలల నుంచి ఏడాది. అంతకంటే ఎక్కువ వద్దు. ముదిరిన డీజిల్ రంగు ముదురుతుంది, కుళ్లు వాసన వస్తుంది, జిగురు కడుతుంది. నీళ్లుంటే మరో తంటా: డీజిల్‌కూ నీటికీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. బయట చూస్తే నల్లటి, గోధుమరంగు గుజ్జులా తేలుతుంది. ఫిల్టర్ కొత్తది వేసినా మళ్లీ మళ్లీ మూసుకుపోతుంటే దీన్నే అనుమానించండి. డీజిల్ మొత్తం తీసి ట్యాంకు లోపల శుభ్రం చేయకుండా మందులు పోస్తే చచ్చిన గుజ్జంతా వచ్చి ఫిల్టర్‌లో కూర్చుంటుంది. అలాంటి డీజిల్‌ను వడకట్టి కామన్ రైల్ ఇంజిన్‌లో మళ్లీ వాడే సాహసం అసలు చేయొద్దు.

ఇది భీమవరం చుట్టుపక్కల చెరువుల వారికి మరీ ముఖ్యం. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలు) నడపడానికే జనరేటర్ పెడతారు. కరెంటు బాగా ఉన్న నెలల్లో అది కదలదు, ట్యాంకులో డీజిల్ నిలవ ఉండిపోతుంది. కరెంటు పోయిన ఆ ఒక్క రాత్రి ఫిల్టర్ మూసుకుంటే తెల్లారేసరికి చెరువు మీద రొయ్యలు తేలతాయి. నెలకోసారైనా ఏరియేటర్ల లోడ్ పెట్టి నడపండి, ఉత్తినే తిప్పి ఆపేస్తే సరిపోదు. డ్రమ్ముల మీద కొన్న తేదీ రాసి పాతదాన్ని ముందు వాడండి.

నిల్వకు చట్టం పరిమితి కూడా ఉంది. 1934 పెట్రోలియం చట్టం కింద లైసెన్సు లేకుండా డీజిల్ ఒకచోట మొత్తం 2,500 లీటర్లు దాటకూడదు, ఒక్కో పాత్ర 1,000 లీటర్లకు మించకూడదు. చాలామందికి అంత అవసరమే రాదు.

బండిలో నీళ్లు తీయడం

ట్యాంకు సాయంత్రం నింపండి, పొద్దున కాదు. రాత్రి ఖాళీ ట్యాంకు గోడలకు చెమ్మ పడుతుంది, నిండు ట్యాంకులో దానికి చోటు తక్కువ. ఇది ఖర్చులేని అలవాటు.

పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకముందే, నీరు అడుగున ఉన్నప్పుడే, వాటర్ సెపరేటర్ (డీజిల్ నుంచి నీటిని విడదీసే గిన్నె) కింది స్క్రూ వదులు చేసి ఒక పారదర్శకమైన సీసాలో పట్టండి. నీరు అడుగున గుండ్రటి బుడగల్లా చేరుతుంది. స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా వదిలి బిగించండి. ట్యాంకు అడుగున ప్లగ్ ఉంటే వానాకాలంలో నెలకోసారి దాన్నీ తీయండి. సీసాను వెలుతురుకు ఎత్తి చూడండి: అవతలి అక్షరాలు స్పష్టంగా కనిపించాలి. మబ్బుగా, పాలు కలిసినట్టుగా ఉంటే నీరు కలిసిపోయి ఉంది. ఒక రాత్రి ఉంచి చూస్తే అడుగున విడిపోతుంది.

నీటి వల్ల జరిగే నష్టం రెండు రకాలు. ఒకటి తుప్పు, పంపులో ఇంజెక్టర్‌లో మెరుపు ముఖాలు గరుకెక్కుతాయి. రెండోది, వేడి నాజిల్ కొనలో నీరు ఒక్కసారిగా ఆవిరై దాన్ని పగలగొట్టగలదు. కార్లలో డాష్‌బోర్డు మీద నీటి హెచ్చరిక లైటు వెలిగితే సర్వీసింగ్ దాకా ఆగకుండా ఆ రోజే తీయించండి.

ఫిల్టర్ మార్చడం, ఎయిర్ తీయడం

తయారీదారు చెప్పిన గంటల్లో మార్చాలి, దుమ్ము నేలల్లో, వానాకాలంలో అంతకంటే ముందే. పాతదాన్ని పారేసే ముందు కోసి చూడండి. తుప్పు ఉంటే ట్యాంకు గానీ డ్రమ్ము గానీ లోపల తినేస్తోంది. గుజ్జు ఉంటే సూక్ష్మజీవులు. సన్నని మట్టి ఉంటే క్యాను, మూత, గరాటు. ఇంతకంటే చవకైన ల్యాబు ఇంకొకటి లేదు.

కొత్త ఫిల్టర్‌లోకి వడకట్టని డీజిల్ పోసి బిగించే అలవాటు మానుకోండి. పంపుకు ముందుండే రెండో ఫిల్టర్ విషయంలో ఆ డీజిల్ తిన్నగా పంపులోకే వెళ్తుంది. ఖాళీగానే బిగించి, చేతి ప్రైమర్‌తో (చేత్తో కొట్టే చిన్న పంపుతో) నింపండి. లోపల చిక్కిన గాలి తీయడానికి మెకానికల్ పంపు ఉన్న ట్రాక్టర్‌లో ఫిల్టర్ పైనున్న స్క్రూ రెండు మరలు వదులు చేసి, బుడగలు ఆగి గట్టి ధార వచ్చేదాకా ప్రైమర్ కొట్టండి, ధార వస్తుండగానే బిగించండి. తర్వాత పంపు దగ్గరున్న స్క్రూ కూడా ఇలాగే.

కామన్ రైల్ ఇంజిన్‌లో మాత్రం హై ప్రెజర్ పైపుల జోలికి వెళ్లొద్దు. నడుస్తున్నప్పుడు అక్కడి నుంచి చిమ్మే సన్నటి డీజిల్ చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. బయట సూది గుచ్చిన మచ్చ అంతే ఉంటుంది గానీ లోపల కణజాలం చనిపోతుంది. అలా జరిగితే చిన్న గాయమని వదిలేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి డీజిల్ లోపలికి పోయిందని చెప్పండి.

ఇంజిన్ మొండికేస్తే: డీజిల్‌ను తిట్టే ముందు

నల్లపొగ వస్తే ఎక్కువసార్లు డీజిల్ తప్పు కాదు. గాలి చాలకపోవడం, లోడ్ ఎక్కువ కావడం, నాజిల్ సరిగా చిమ్మకపోవడం. కోతల కాలంలో ఎయిర్ ఫిల్టర్ ఒక్క పూటలో నిండుతుంది, ముందు దాన్నే చూడండి. నీలిపొగ ఇంజిన్ ఆయిల్ మండడం, డీజిల్‌కు సంబంధం లేదు. తెల్లపొగ పొద్దున కాసేపు వచ్చి పోతే డీజిల్ గానీ చలి గానీ. వేడెక్కాక కూడా వస్తుంటే కంప్రెషన్, కూలెంట్ వైపు చూడాలి.

అరగంట బాగా లాగి తర్వాత నీరసించి, కాసేపు ఆపితే మళ్లీ లాగుతుంటే, ట్యాంకు మూత తీయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి ఇంజిన్ పుంజుకుందంటే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయింది. ఒక సూదితో అయిపోయే ఈ పనికి పంపు విప్పించుకున్నవారు ఉన్నారు.

అదీ కాకపోతే అసలు పరీక్ష ఒకటుంది, మెకానికల్ పంపు ఇంజిన్లకు చక్కగా పనిచేస్తుంది. శుభ్రమైన క్యాన్‌లో నమ్మకమైన బంకు నుంచి తెచ్చిన ఐదు లీటర్ల డీజిల్ పోసి, ఇంజిన్ కంటే ఎత్తున, వేడి సైలెన్సర్‌కు దూరంగా కట్టండి. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం విప్పి ఈ క్యాన్‌కు తగిలించండి. తిరుగు గొట్టం కూడా ఇందులోకే పెట్టండి, లేకపోతే మంచి డీజిల్ పోయి పాత ట్యాంకులో పడుతుంది. కొత్త ఫిల్టర్ వేసి, ఎయిర్ తీసి లోడ్ మీద నడపండి. బాగా నడిస్తే తప్పు ట్యాంకు డీజిల్‌లో గానీ, ట్యాంకు నుంచి వచ్చే గొట్టాల్లో గానీ ఉంది. ఇంకా ఇబ్బంది పెడితే డీజిల్‌ను వదిలేసి మెకానిక్‌ను పంపు, నాజిల్, కంప్రెషన్ చూడమనండి.

మైలేజీ విషయంలో కాస్త లెక్క ఉంచుకోండి. లీటరులో ఉండే శక్తి దాదాపుగా డెన్సిటీతోపాటే పెరుగుతుంది తగ్గుతుంది. ప్రమాణం లోపల డెన్సిటీ మార్పు కొద్ది శాతమే కాబట్టి డీజిల్ మారినందువల్ల మైలేజీ తేడా కూడా ఆపాటిదే. పదిహేను, ఇరవై శాతం పడిపోతే టైర్ల గాలి, బ్రేకుల పట్టు, ఎయిర్ ఫిల్టర్, నాజిల్ లేదా కొలత మోసం, వీటిని వెతకండి. సీసాల్లో అమ్మే మైలేజీ మందులతో అంత తేడా పూడ్చలేరు.

చెడు డీజిల్ పడిందని తేలితే

మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. ప్రతి తిప్పుకూ ఆ డీజిల్ ఇంకా లోపలికి వెళ్తుంది. పొరపాటున డీజిల్ కారులో పెట్రోలు పోసినా ఇదే మాట: తాళం కూడా తిప్పొద్దు, కొన్ని కార్లలో తాళం తిప్పగానే ట్యాంకులోని పంపు నడుస్తుంది. బండి తోయించి పక్కకు పెట్టి ట్యాంకు ఖాళీ చేయించండి. లారీల్లో పొగ శుద్ధికి విడి ట్యాంకులో పోసే యూరియా ద్రావణం డీజిల్ ట్యాంకులో పడితే కూడా అంతే. ట్యాంకు కడిగించి, గొట్టాలు ఊదించి, ఫిల్టర్లు రెండూ మార్చి, ఎయిర్ తీశాకే స్టార్ట్ చేయాలి.

బంకు మీద ఫిర్యాదు చేయాలంటే బిల్లు కావాలి, అందుకే క్యాన్‌కు పోయించుకున్నా బిల్లు అడిగి తీసుకోండి. బంకులో ఫిర్యాదుల పుస్తకం ఉంటుంది, కంపెనీ నంబరు బోర్డు మీద ఉంటుంది. 2005 నాటి మోటార్ స్పిరిట్, హైస్పీడ్ డీజిల్ ఉత్తర్వు కింద అధికారులు బంకు ట్యాంకు నుంచి సీలు వేసి తీసిన నమూనాకే విలువ. మీ ట్యాంకులోంచి పట్టిన సీసాకు అంత విలువ ఉండదు, ఎందుకంటే మీ ట్యాంకులో మొదట ఏముందో ఎవరు చెప్పగలరు? అయినా ఒక సీసా పట్టి, మూత బిగించి, తేదీ, బంకు, బిల్లు నంబరు రాసి ఎండ తగలకుండా దాచండి. ఆ రోజే ఫిర్యాదు పెట్టి నమూనా తీయమని అడగండి. వారం పోతే ఆ ట్యాంకులో కొత్త లోడు దిగి ఉంటుంది, దొరికేది మంచి డీజిలే అవుతుంది.